పని చెబితే గట్టిపడే ఎముక
మంచాన పడితే కరిగిపోతుంది. బరువును గుర్తించే కణాల కథ

పార పట్టిన చేతికి కాయలు కాస్తాయి. రైతు ఇంట పుట్టిన వారెవరికీ ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. కొత్తగా పార పట్టిన కుర్రవాడికి మొదటిరోజే అరచేయి బొబ్బలెక్కుతుంది. కొన్ని వారాలు పోయాక అదే పార అతని చేతిని ఏమీ చేయలేదు. చర్మంలోని కణాలు ఒత్తిడి ఎక్కడ పడుతున్నదీ గుర్తించి, సరిగ్గా అక్కడే పొర మీద పొర పేర్చుకుంటాయి. పని మానేస్తే కొన్నాళ్ళకు కాయలు పోయి చేయి మళ్ళీ మెత్తబడుతుంది.

చర్మం కంటికి కనబడుతుంది కనుక ఇది మనకు తెలుసు. కంటికి కనబడని ఎముక కూడా ఇదే పని చేస్తుందని మాత్రం చాలామందికి తెలియదు. ఎముక అంటే ఇంటికి ఎత్తిన దూలం లాంటిదనీ, ఒకసారి పెరిగాక ఇక అలాగే పడి వుంటుందనీ అనుకుంటాం. నిజానికి ఎముక ప్రాణమున్నది. దానిలో కణాలున్నాయి. మీద పడే బరువు వాటికి తెలుస్తుంది. బరువు పడినచోట కడతాయి. పడనిచోట కట్టినదాన్ని విప్పేస్తాయి.

ఈ విషయం తెలియక పల్లెలలో జరుగుతున్న నష్టం తక్కువేమీ కాదు. కాలు విరిగిన మనిషిని డాక్టరు లేచి నడవమన్నా భయంతో నెలల తరబడి మంచం దిగనివ్వరు. అరవై దాటిన తల్లిని “ఇక నువ్వేమీ చేయవద్దమ్మా, ఒకచోట కూర్చో” అని ప్రేమకొద్దీ కూర్చోబెడతారు. పోలీసు, మిలిటరీ ఎంపికలున్నాయని తెలియగానే కుర్రవాళ్ళు అలవాటు లేకుండా ఒక్కసారిగా మైళ్ళకు మైళ్ళు పరుగెత్తుతారు. ఈ మూడుచోట్లా దెబ్బ తినేది ఎముకే.

క్రేను బొమ్మ, తొడ ఎముక

ఎముకకు బరువు లెక్క తెలుసునన్న ఆలోచన కొత్తదేమీ కాదు. 1866 ప్రాంతంలో స్విట్జర్లాండులోని జ్యూరిచ్ నగరంలో హెర్మన్ ఫాన్ మేయర్ అనే శరీర శాస్త్రజ్ఞుడు తొడ ఎముక పైభాగాన్ని నిలువుగా కోసి లోపలి అల్లికను పరిశీలించారు. అక్కడ ఎముక ముద్దగా లేదు. సన్నని కడ్డీలు, రేకులు కొన్ని దారుల వెంబడి వరుసగా సాగి, ఒకదాన్నొకటి దాటుకుంటూ వల అల్లినట్లున్నాయి.

అది చూసిన కార్ల్ కుల్‌మన్ అనే ఇంజనీరు ఆశ్చర్యపోయారు. బరువులెత్తే క్రేనులో బలం ఏ దారుల వెంట పోతుందో గీతలు గీసి చూపడం ఆయన విద్య. ఎముకలోని కడ్డీల వరుసలు ఆయన గీసే గీతల మాదిరిగానే వున్నాయి. ఇంజనీరు కాగితం మీద లెక్కలు వేసి ఇనుము ఎక్కడ పెట్టాలో నిర్ణయిస్తాడు. శరీరం ఏ కాగితమూ లేకుండానే ఎముకను అక్కడ పెడుతున్నది.

ఏతం తొక్కిన కాలం గుర్తున్నవారికి ఇది తేలికగా అర్థమవుతుంది. ఏతం మాను మీద బరువు పడినపుడు మాను కొద్దిగా వంగుతుంది. పైభాగం సాగుతుంది, కిందిభాగం నొక్కుకుంటుంది. మన తొడ ఎముక మెడ కూడా అంతే. ఒళ్ళు బరువంతా దాని మీద పడితే పైవైపు సాగుతుంది, కిందివైపు నొక్కుకుంటుంది. ఆ నొక్కుడు ఎక్కువగా పడే కిందివైపునే ఎముక దళసరిగా వుంటుంది.

జర్మనీకి చెందిన శస్త్రవైద్యుడు జూలియస్ వోల్ఫ్ ఈ ఆలోచనను ఇంకా ముందుకు తీసుకుపోయి 1892లో ఒక గ్రంథం ప్రచురించారు. ఎముక మీద పడే బరువు మారితే దానికి తగినట్లు ఎముక నిర్మాణం కూడా మారుతుందన్నది దాని సారాంశం. వైద్యులు నేటికీ దీనిని వోల్ఫ్ సూత్రం అంటున్నారు. టెన్నిస్ ఆటగాళ్ళే దీనికి తార్కాణం. మగ ఆటగాళ్ళను ఎక్స్‌రే తీసి చూసి 1977లో ప్రకటించిన ఒక పరిశీలనలో, బ్యాటు పట్టే చేతి దండ ఎముక గోడ రెండవ చేతికంటే దాదాపు 35 శాతం మందంగా వున్నట్లు తేలింది. మనిషి ఒకడే, తిండి ఒకటే, రక్తం ఒకటే. తేడా అంతా పనిలోనే వుంది.

కూల్చేవారు, కట్టేవారు, మేస్త్రి

ఇంతకూ ఎముకలో ఈ పని చేసేదెవరు? పాత ఇంటిని బాగుచేసే పనితో దీన్ని పోల్చవచ్చు. పాత గోడను కూల్చే కూలీల వంటి కణాలు కొన్ని. కొత్త గోడ కట్టే తాపీ పనివారి వంటి కణాలు కొన్ని. ఎదిగిన మనిషిలో ఏడాదికి సుమారు పదోవంతు ఎముక ఈ విధంగా పాతది పోయి కొత్తది వస్తుంటుంది. చచ్చేదాకా ఈ పని ఆగదు.

ఎక్కడ కూల్చాలో, ఎక్కడ కట్టాలో చెప్పే మేస్త్రి కణాలు వేరే వున్నాయి. శాస్త్రజ్ఞులు వీటిని ఆస్టియోసైట్లు అంటారు. ఎముకలోని కణాలలో నూటికి తొంభై పైగా ఇవే. కట్టే కణాలలోనే కొన్ని తాము కట్టిన గోడలో తామే మునిగిపోయి ఇలా మారతాయి. ఒక్కొక్కటి చిన్న గూటిలో కూర్చుని, వెంట్రుక కన్నా ఎంతో సన్నని చేతులను పదులకొద్దీ నాలుగు వైపులా చాపి పక్క కణాలను పట్టుకుని వుంటుంది. ఆ చేతులు పోయే సందులలో ద్రవం నిండి వుంటుంది.

మనం అడుగు వేసినపుడు ఎముక కొద్దిగా వంగుతుంది. ఆ వంపు వెయ్యింట ఒకటి రెండు వంతులకు మించదు. కంటికి ఆనదు. కాని అంతమాత్రానికే తడిగుడ్డను పిండినట్లు సందులలోని ద్రవం ఒకవైపు నుంచి మరొకవైపుకు తోసుకుపోతుంది. కాలువ నీరు పోతున్నపుడు గట్టు గడ్డి వంగినట్లు, ఆ ద్రవం కణం చేతులను రాసుకుంటూ పోతుంది. మేస్త్రి కణానికి బరువు పడిందన్న కబురు అందుతుంది.

తలుపు దొరికింది

ఒరిపిడిని కణం కబురుగా ఎలా మారుస్తుందన్నది చాలాకాలం అంతుబట్టలేదు. కణం పైపొరలో ఒత్తిడికి తెరుచుకునే తలుపులాంటిది ఏదో వుండాలని అనుకున్నారు గాని, మనుషుల వంటి పాలిచ్చే ప్రాణులలో అదేదో దొరకలేదు.

అమెరికాలో ఆర్డెమ్ పటపూటియన్, ఆయన సహచరుడు బెర్ట్రాండ్ కోస్త్ దీనిని వెతికిన తీరు చెప్పుకోదగ్గది. సన్నని గాజు గొట్టం కొనతో పొడిస్తే విద్యుత్తు పుట్టే కణాలను వారు ఎన్నుకున్నారు. ఈ పనికి కారణమై వుండవచ్చని 72 జన్యువుల జాబితా రాసుకున్నారు. ఒక్కొక్క జన్యువు నోరు నొక్కి, కణాన్ని పొడిచి చూశారు. ఒకటి కాదు, రెండు కాదు, డెబ్భయి ఒకటి అయిపోయినా కణం పలుకుతూనే వుంది. చివరిదైన డెబ్భయి రెండవ జన్యువును ఆపగానే కణం ఉలుకూ పలుకూ లేకుండా వుండిపోయింది. 2010లో ప్రకటించిన ఆ తలుపుకు పీజో 1 అని పేరు పెట్టారు. నొక్కుడు అనే అర్థమిచ్చే గ్రీకు మాట నుంచి ఈ పేరు వచ్చింది. 2021లో పటపూటియన్‌కు, వేడిని గుర్తించే తలుపును కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు కలిపి వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఇదే తలుపు ఎముక కణాలలోనూ వుంది. ఎలుకల ఎముక కణాలలో పీజో 1 లేకుండా చేస్తే వాటి ఎముకలు పలచబడ్డాయని 2019లో వెలువడిన పరిశోధనలు తెలిపాయి. బరువు పడ్డా ఆ కబురు లోపలికి అందలేదన్నమాట.

మేస్త్రి కణం దగ్గర బండికి వుండే బ్రేకు వంటిది కూడా ఒకటి వుంది. దానిని స్క్లెరోస్టిన్ అనే పదార్థం అంటారు. పని లేనపుడు మేస్త్రి దీనిని ఎక్కువగా వదులుతుంది, కట్టే కణాలు చేతులు ముడుచుకుంటాయి. బరువు పడితే దీనిని తగ్గిస్తుంది, కట్టడం సాగుతుంది. దక్షిణాఫ్రికాలో కొన్ని కుటుంబాలవారికి పుట్టుకతోనే ఈ పదార్థం వుండదు. వారి ఎముకలు ఆగకుండా పెరిగి విపరీతమైన మందం అవుతాయి. వారిని పరిశీలించడం వల్లనే ఈ బ్రేకు సంగతి బయటపడింది. గుల్లబారిన ఎముకలకు దీనిని అడ్డుకునే ఇంజెక్షనును అమెరికాలో 2019లో అనుమతించారు.

కోడిపుంజు చెప్పిన పాఠం

ఎముక గట్టిపడాలంటే రోజంతా బరువులు మోయాలా? అక్కరలేదని ఒక కోడిపుంజు ప్రయోగం తేల్చింది. 1984లో క్లింటన్ రూబిన్, లాన్స్ లాన్యన్ అనే శాస్త్రజ్ఞులు దీని ఫలితాలు ప్రకటించారు. వారు పుంజు రెక్క ఎముక మీద మామూలు బరువేదీ పడకుండా చేసి, యంత్రంతో తాము కోరినన్నిసార్లు మాత్రమే దానిని నొక్కారు.

అసలు నొక్కకపోతే ఎముక తరిగిపోయింది. రోజుకు నాలుగుసార్లు నొక్కితే తరగకుండా నిలిచింది. 36 సార్లు నొక్కితే కొత్త ఎముక పెరిగింది. ఇది రెండు నిమిషాలు కూడా పట్టని పని. పోనీ అని 1,800 సార్లు నొక్కి చూశారు. 36 సార్లకు పెరిగినదానికంటే ఎక్కువేమీ పెరగలేదు.

దీనివల్ల తెలిసేదేమిటంటే, మేస్త్రి కణానికి కబురు అందడం ముఖ్యం. అందిన కబురే పదేపదే చెబితే అది పట్టించుకోదు. కదలకుండా పడివుండే బరువును కూడా లెక్కచేయదు. పడుతూ, లేస్తూ వుండే బరువే దానికి తెలుస్తుంది. కనుక గంటసేపు ఒకేచోట నిలబడటం కంటే పది నిమిషాలు చురుకుగా నడవటం, మెట్లు ఎక్కి దిగటం ఎముకకు మేలు. ఈత, సైకిలు గుండెకూ కండకూ మంచివే. కాని వాటిలో ఒంటి బరువు కాళ్ళ మీద అంతగా పడదు గనుక ఎముకకు నడక చేసినంత మేలు చేయవు.

బరువే లేని చోట

బరువు బొత్తిగా లేకపోతే ఏమవుతుందో అంతరిక్ష యాత్రికులను అడగాలి. అక్కడ మనిషి గాలిలో తేలుతూ వుంటాడు. కాళ్ళకు, తుంటికి పనే లేదు. ఆరోగ్యంగా, దిట్టంగా వున్నవారే అయినా తుంటి వంటి ఎముకలలో నెలకు ఒక శాతం నుంచి ఒకటిన్నర శాతం వరకు సాంద్రత కోల్పోతారు. అందుకే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో నెలల తరబడి వుండేవారు రోజుకు రెండు గంటలకు పైగా వ్యాయామానికి కేటాయిస్తారు. 2025లో ఆ కేంద్రానికి వెళ్ళి వచ్చిన మన శుభాంశు శుక్లా చేపట్టిన ప్రయోగాలలో కూడా బరువులేని చోట కండర కణాల తీరుకు సంబంధించినది ఒకటుంది.

అంతరిక్షానికి పోనక్కరలేదు. మంచాన పడిన మనిషి ఎముకలకు జరిగేది కూడా ఈ తరహాదే. కూల్చే కణాల పని సాగుతూనే వుంటుంది. కట్టే కణాలకు కబురు అందదు. పైగా కూల్చడానికి వారాలు చాలు, కట్టడానికి నెలలు కావాలి. పడుకున్న రోజులలో పోయినదాన్ని లేచి తిరిగిన తరువాత సంపాదించుకోవడానికి ఎన్నో రెట్ల కాలం పడుతుంది. కండ సంగతీ అంతే.

విరిగిన ఎముక విషయంలో

విరిగిన ఎముక మొదట కదలకుండా వుండాలి. అందుకే ప్లాస్టరు వేస్తారు, లేదా ఆపరేషను చేసి రాడ్డు, ప్లేటు బిగిస్తారు. అతుకు మధ్య కదలిక ఎక్కువైతే అక్కడి కణాలు ఎముకగా మారలేవు. అతుకు పడడం మొదలైన తరువాత మాత్రం కొద్దికొద్దిగా బరువు మోపడం అవసరం. ఎప్పుడు, ఎంత మోపాలన్నది ఎక్స్‌రే చూసి డాక్టరు చెప్పవలసిన మాట. ఆయన మోపమన్న రోజున భయపడి మానుకోవడం, మోపవద్దన్న రోజున తొందరపడి మోపడం రెండూ తప్పే. ప్లాస్టరులో వున్న కాలికైనా వేళ్ళు కదపడం, డాక్టరు చెప్పిన మేరకు కండ బిగించి వదలడం చేస్తూ వుండాలి.

కట్టు ఆసుపత్రిలో వేయించినా, పుత్తూరు కట్టు వంటి నాటు కట్టు వేయించినా ఒకటి గుర్తుంచుకోవాలి. కట్టు బిగువెక్కి వేళ్ళు నల్లబడినా, చల్లబడినా, మొద్దుబారినా, నొప్పి ఓర్వరానిదయినా ఆ క్షణమే ఆసుపత్రికి పోవాలి. రక్తం అందని కణం గంటల్లో చచ్చిపోతుంది. తెల్లవారనిద్దామనుకుంటే కాలే పోవచ్చు.

తుంటి విరిగిన ముసలివారి సంగతి మరీ ముఖ్యం. “ఈ వయసులో ఆపరేషనెందుకు, పడుకుంటే అదే అతుక్కుంటుంది” అని ఇంట్లో వుంచేస్తారు. పడుకోవడం వల్ల ఎముక, కండ కరగడమే గాక పుండ్లు పడతాయి, ఊపిరితిత్తులలో కఫం చేరుతుంది. చాలామందిని తీసుకుపోయేది విరిగిన తుంటి కాదు, ఆ మంచమే. వీలైతే ఒకటి రెండు రోజుల్లోనే ఆపరేషను చేసి, మర్నాడే లేపి నిలబెట్టాలన్నది నేటి వైద్య విధానం.

మెల్లగా లాగితే కొత్త ఎముక

కణాల ఈ గుణాన్నే వైద్యానికి వాడుకున్నవారున్నారు. సైబీరియాలోని కుర్గాన్ అనే ఊరిలో గవ్రీల్ ఇలిజారోవ్ అనే డాక్టరు 1950 ప్రాంతం నుంచి కాలి చుట్టూ ఇనుప చట్రం బిగించి, తెగిన ఎముక కొసలను రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున దూరం జరిపే పద్ధతిని అభివృద్ధి చేశారు. ఆ సందులో కొత్త ఎముక పుట్టింది. త్వరగా లాగితే ఎముక పుట్టదు. మరీ నెమ్మదిగా లాగితే ముందే అతుక్కుపోతుంది. కణాలకు నచ్చిన వేగం అది.

వంకర పాదంతో పుట్టిన పసిబిడ్డలకు చేసే పోన్సెటి పద్ధతి కూడా ఇలాంటిదే. పాదాన్ని చేతితో మెల్లగా తిప్పి ప్లాస్టరు వేసి, వారం వారం మారుస్తారు. అయిదారు ప్లాస్టర్లతో చాలావరకు పాదం దారికి వస్తుంది. ఎక్కువమందికి మడమ నరం దగ్గర చిన్న గాటు అవసరమవుతుంది. తరువాత నాలుగేళ్ళ వయసు వరకు నిద్రపోయేటప్పుడు ప్రత్యేకమైన బూట్లు తొడగాలి. బిడ్డ పుట్టిన కొద్ది వారాలలోనే మొదలుపెడితే మంచిది. గ్రహణం వల్ల వచ్చిందని, కర్మ అని వూరుకుంటే ఆ బిడ్డ జీవితమంతా కుంటవలసి వస్తుంది.

అతి చేసినా చేటే

బరువు మంచిదన్నాం గదా అని ఒక్కసారిగా మీద వేసుకుంటే ముప్పు తప్పదు. పొడవైన నడకల తరువాత సైనికుల పాదాలు వాచి నొప్పి పెడుతున్నాయని ప్రష్యా సైన్యంలోని డాక్టరు ఒకరు 1855లోనే రాశారు. ఎక్స్‌రే వచ్చాక అవి పాదం ఎముకలలో పడిన చీలికలని తెలిసింది. ఎముకను బాగుచేసే పనిలో ముందు కూల్చడం, తరువాత కట్టడం జరుగుతుంది. ఆ మధ్యకాలంలో ఎముక బలహీనంగా వుంటుంది. ఎంపికలకు సిద్ధమయ్యే కుర్రవాళ్ళు ముందే, కొన్ని నెలలు వుండగానే మొదలుపెట్టి, వారానికి కొంత చొప్పున దూరం పెంచుకోవాలి. ఒకే చోట ఎముక మీద నొక్కితే నొప్పి వుంటే పరుగు ఆపి డాక్టరుకు చూపించాలి.

కణాలకు కబురు అందినా కట్టడానికి సరుకు కావాలి. పాలు, పెరుగు, రాగులు, నువ్వులు, ఆకుకూరలు సున్నం ఇస్తాయి. ఎండ విటమిన్ డి ఇస్తుంది. ఫ్లోరైడు నీటి బాధ ఎరిగినవారికి మరో సంగతి చెప్పాలి. నేటి ప్రకాశం జిల్లా ప్రాంతాలు కలిసివున్న నాటి నెల్లూరు జిల్లాలో ఈ వ్యాధిని 1937లో వైద్యులు వెల్లడించారు. ఆ నీటివల్ల ఎముక ఎక్స్‌రేలో దట్టంగా కనిపించినా పెళుసుబారుతుంది, కీళ్ళు బిగుసుకుంటాయి. బరువుకు తగినట్లు కణాలు పేర్చిన ఎముకకే బలం వుంటుంది.

పెద్దలను కూర్చోబెట్టవద్దు

ముప్పై ఏళ్ళ లోపు కూడబెట్టిన ఎముకతోనే మిగిలిన బతుకు గడవాలి. బడిపిల్లలను ఎగరనివ్వాలి, దూకనివ్వాలి, ఆడపిల్లలను కూడా. ముట్లు ఆగిన తరువాత స్త్రీలకు ఎముక త్వరగా తరుగుతుంది. ఆ వయసులోనే మనం వారిని పని మానుకోమంటున్నాం.

తలమీద మోపులు మోయమని గాని, బిందెలకొద్దీ నీళ్ళు తెమ్మని గాని దీని అర్థం కాదు. నడుము వంచి బరువులెత్తితే గుల్లబారిన వెన్నుపూస నలిగిపోతుంది. పొద్దున కొంత, సాయంత్రం కొంత నడక. పట్టుకోవడానికి ఆధారం వున్నచోట కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడం. ఓపికకు తగిన ఇంటిపని - ఇవి చాలు. వీటితోబాటు పడిపోకుండా చూడాలి. స్నానాల గదిలో పాచి లేకుండా కడగడం, రాత్రి దొడ్డివైపు దీపం వుంచడం, కంటిలో శుక్లం వుంటే తీయించడం కూడా ఎముకను కాపాడడమే.

తల్లిదండ్రులను సుఖపెట్టాలనుకోవడం మంచిదే. కాని మంచం వేసి కూర్చోబెట్టడంతో ఆ బాధ్యత తీరదు. చేయి పట్టుకుని వీధి చివరిదాకా నడిపించి తీసుకురండి. ఆ నడకతో లోపలి మేస్త్రికి ఆ పూటకు కావలసిన కబురు అందుతుంది.